ఆఖరి గడి

వలలు వేసి నాలుగు రాత్రులయింది.
గాలి తగ్గలేదు, నేను పోలేదు.
ఐదో పొద్దున 'సూలా'ను నీళ్ళలోకి దించి
బ్రెయిదాఫ్యోర్దుర్ దీవుల నడుమ
నా ఎర్ర బోయాలు వెతుక్కుంటూ వెళ్ళాను.

ముందు నాచు వచ్చింది, బారెడు బారెడు.
వెనక గ్రౌస్లెప్పాలు.
ఒళ్ళంతా బుడిపెలు, పొట్ట కింద చప్పరించే బిళ్ళ.
రాయిని కరుచుకుని తుఫానంతా గడిపేసే జాతి.
నా చేతొడుగును పట్టుకున్నా అంతే, వదలవు,
ఊడదీసి గంపలో వెయ్యాలి.
వాటి కడుపులోని గుడ్ల కోసమే
ఈ పడవ, ఈ అప్పు, ఈ తెల్లవారుజాములు.

మూడో వలకి బరువు మారింది.
చేప బరువు నా భుజానికి తెలుసు.
ఇది నానిన దుప్పటి బరువు.

ఐడర్ బాతులు. తొమ్మిది.
నల్ల ఆల్చిప్పల కోసం మునిగినవి మునిగినట్టే.
మగవి రెండు, నలుపూ తెలుపూ, పెళ్ళిబట్టల్లో.
తక్కినవి ఆడవి, తడిసిన మట్టిరంగు.
ముక్కుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి
నిద్రలో చొంగ కారినట్టు.

మా అక్క స్టెయిన్‌వోర్‌కి దీవి మీద ఈ పక్షులే పంట.
గుడ్లు పెట్టే రోజుల్లో అవి
రొమ్ము మీది నూగు తామే పీక్కుని గూట్లో పరుచుకుంటాయి.
అక్క మోకాళ్ళ మీద పాకి వెళ్ళి
కొంత తీసుకుని, ఎండుగడ్డి సర్ది వస్తుంది.
"కాస్త జరుగు తల్లీ" అంటుంది.
జరుగుతాయి.
పాత టైర్లు, బోర్లించిన పెట్టెలు, విరిగిన తలుపు ఒకటి,
అన్నీ వాటికి ఇళ్ళే.
మింకులు ఈదుకుంటూ వస్తాయని
చీకటి పడని ఆ రాత్రుల్లో
తుపాకీ పట్టుకుని దీవి చుట్టూ తిరుగుతుంది,
ఆ కీళ్ళనొప్పులతోనే.
అరవై గూళ్ళ నూగు కలిస్తే ఒక రజాయి.
అది కప్పుకుని పడుకునే వాళ్ళని ఆమె చూళ్ళేదు.
నా గుడ్లు తినేవాళ్ళని నేనూ చూళ్ళేదు.

చివరి దాని కాలికి కడియం.
అల్యూమినియం. అంకెలు అరిగాయి,
నలభై ఒకటి మాత్రం చదవొచ్చు.
పాస్టరమ్మ.
పేరు అక్క పెట్టిందే, దాని నడక చూసి.
పన్నెండేళ్ళుగా ఆ విరిగిన తలుపు కిందే కాపురం.

పొట్ట తడిమాను.
గట్టిగా, గుండ్రంగా.
చేపల కడుపు కోసి గుడ్లు తీసే కత్తి
నా నడుముకే వేలాడుతోంది.

ఎనిమిదింటిని వెనక్కి విసిరేశాను.
దాన్ని విసరబోయి, ఆగి,
పట్కారుతో కడియం కత్తిరించి
అప్పుడు విసిరాను.

లాగ్‌బుక్కు ఇప్పుడు ఫోన్లోనే.
చేప ఎన్ని కిలోలు, వల ఎన్ని రాత్రులు,
ఆఖరున ఒక గడి: పక్షులు, సీళ్ళు, ఇతరాలు.
నిజం రాస్తే ఎవరో వస్తారు, కొలుస్తారు,
ఇక్కడ వెయ్యొద్దు, అవతలికి పో అంటారు.
అవతల చేప లేదు.
చలికి మొద్దుబారిన బొటనవేలికి
సున్నా నొక్కడం తేలిక.
రేవులో నా పక్కన పది పడవలు.
వాళ్ళ గడుల్లో ఏముందో నేనడగను,
నా గడి వాళ్ళడగరు.
సముద్రం గురించి, బ్యాంకు గురించి మాట్లాడుకుంటాం.

నెలాఖరుకి గూళ్ళు నిండాయి.
"పాస్టరమ్మకి ఈ ఏడు ఆలస్యం" అంది అక్క.
తలుపు కింద కొత్త గడ్డి వేసింది.
వారం తర్వాత ఆ గడ్డి తీసి
ఇంకా మెత్తటిది వేసింది.

నా కోటు జేబులో చిల్లరతో పాటు
అది చప్పుడు చేస్తూనే ఉంది.
పారేద్దామని రెండుసార్లు రేవు చివరిదాకా వెళ్ళాను.
నీళ్ళు మరీ తేటగా ఉన్నాయి.

నిన్న కాఫీకి పిలిచింది.
చేతులకి ఇంకా నూగు అంటుకునే ఉంది,
కప్పు అంచుకీ ఒక పోగు.
"నీ వలలు ఎక్కడ వేశావు ఈసారి?"

దూరంగా, అన్నాను.

"ఎంత దూరంగా?"

చెంచాతో తిప్పుతూ కూర్చున్నాను,
చక్కెర వేసుకోని కాఫీని.